చెరువు అంచును బతకనివ్వండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల మత్స్య శాఖ, నీటిపారుదల శాఖ అధికారులకు, మత్స్య సహకార సంఘాల అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

నేను చేపలు పట్టే ఇంటి ఆడబిడ్డను. మా నాన్న ముప్పై ఏండ్లకు పైగా మా ఊరి సంఘంలో సభ్యుడు. నేను జువాలజీ చదువుకొని నల్లగొండ జిల్లాలోనే ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈ లేఖ చెరువు అంచున మొలిచే గడ్డి గురించి, ఆ గడ్డిలో కనీకనపడకుండా బతికే పురుగుల గురించి. మీరు ఏటా మా చెరువుల్లో వదిలే చేపపిల్లల బతుకు ఆ పురుగుల మీదే ఆధారపడి ఉంది కాబట్టి మీకు రాస్తున్నాను.

మా చెరువు గొలుసుకట్టులో మూడోది. పైన రెండు చెరువులు నిండి మత్తడి (అలుగు) దుంకితేనే మాకు నీళ్లొస్తాయి. రెండేండ్ల కింద ఎండాకాలంలో మా చెరువుకు సుందరీకరణ పనులు మొదలయ్యాయి. జేసీబీలు శిఖంలోని (చెరువు లోపలి నేలలోని) జమ్మును, తుంగను వేళ్లతో సహా పెకిలించాయి. పై అంచున ఉన్న నల్లమట్టిని గీకి ట్రాక్టర్లలో తీసుకుపోయారు. ఒక పక్క పొడవునా రాళ్లు పేర్చారు. నీళ్లు మిగిలిన మడుగులో గుర్రపు డెక్క మీద మందు కొట్టారు. ఊళ్లో అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను, అప్పటికి నాకు కూడా చెరువు శుభ్రంగా కనిపించడమే ముఖ్యమనిపించింది. ఆ వానాకాలం చెరువు నిండింది. నీళ్లొచ్చిన మూడో రోజే చేపపిల్లల లారీ వచ్చింది, ఘాట్ దగ్గర పిల్లలను వదిలేశారు.

మరుసటి వేసవిలో వల లాగినప్పుడు నేను కట్ట మీదే ఉన్నాను. బొచ్చెలకు (కట్ల చేపలకు) తల పెద్దగా ఉంది, ఒళ్లు సన్నగా ఉంది. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే వీపు ఎముక వేళ్లకు తగిలింది. కడుపు కోసి చూస్తే పేగులో దాదాపు ఏమీ లేదు. "తిండి లేని బొచ్చె గిట్లనే ఉంటది బిడ్డా" అన్నాడు నాన్న. దానికి కారణం ఒక్క గడ్డి తీయడమే అని నేను అనడం లేదు. కానీ ఆ చేప తినాల్సిన తిండి ఎక్కడ తయారవుతుందో అప్పటి నుంచి పట్టుబట్టి చూస్తున్నాను. చూసింది మీకు చెప్పాలి.

బొచ్చె పుట్టినప్పటి నుంచి ముసలిదయ్యే దాకా ప్రధానంగా జంతు ప్లవకాలనే తింటుంది. రవ్వ (రోహు), మోసు (మృగాల) పెద్దయ్యాక వేరే తిండికి మళ్లుతాయి గానీ చిన్నప్పుడు వాటికీ ఇదే అన్నం. జంతు ప్లవకాలంటే నీళ్లలో తేలుతూ, గంతులేస్తూ ఉండే సన్నటి జీవాలు. అన్నిటికన్నా చిన్నవి రోటిఫర్లు, మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉంటాయి. తర్వాత మొయినా, డాఫ్నియా లాంటివి. గాజు గ్లాసులో నీళ్లు పోసి వెలుతురుకు పట్టుకుంటే ఎగిరెగిరి పడుతూ కనిపించేవి ఇవే. ఇంకా సైక్లాప్స్, డయాప్టమస్ లాంటి కోపీపోడ్లు. సైక్లాప్స్‌కు నుదుటి మీద ఒకటే కన్ను, ఆడదైతే తోకకు అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు వేలాడతాయి.

వానలు పడకముందు ఇవన్నీ ఎక్కడుంటాయి? మే నెలలో నేను శిఖంలో నెర్రెలిచ్చిన చోట నుంచి పిడికెడు ఎండుమట్టి తెచ్చి స్టీలు గిన్నెలో వేశాను. పట్టి పెట్టుకున్న వాననీళ్లు పోసి కిటికీ పక్కన ఉంచాను. మూడో రోజు పొద్దున గిన్నెలో వెలుతురు పడే పక్కన సన్నటి నలకలు కదులుతున్నాయి. డ్రాపర్‌తో ఒకదాన్ని తీసి మైక్రోస్కోపు కింద పెడితే అది మొయినా. ఒళ్లు గాజులా ఉంది, లోపల గుండె లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. ఇంకో మూడు రోజులకు అదే గిన్నెలోని మొయినాల వీపుల్లో గుడ్లు గుండ్రంగా వరసపెట్టి కనిపించాయి. క్లాసులో పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు పడి చూశారు. నెలల తరబడి బర్రెలు తొక్కి, ఎండకు కాలి, ముట్టుకుంటే పెళ్లలు పెళ్లలుగా విరిగే మట్టి అది.

నీళ్లు తగ్గి, గుంపు పెరిగి, తిండి కరువైనప్పుడు ఈ జీవాలు మామూలు గుడ్లు ఆపి గట్టి పెంకు గుడ్లు పెడతాయి. డాఫ్నియా గుడ్ల మీది నల్లటి పెంకు గుర్రం జీను ఆకారంలో ఉంటుంది. అవి మట్టిలో నిద్రపోతాయి. కొన్ని జాతుల గుడ్లు దశాబ్దాల తర్వాత కూడా పొదిగినట్టు శాస్త్రవేత్తలు చూశారు. పక్షుల కాళ్లకు, బర్రెల గిట్టలకు అంటిన బురదతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోతాయి. సైక్లాప్స్ అయితే పిల్ల దశలోనే బురదలో దూరి నిద్రలోకి పోగలదు. అంటే చెరువు ఎండిపోయినా చెరువు విత్తనం ఎండదు, మట్టిలో దాచిపెట్టి ఉంటుంది. పై అంచు మట్టిని మొత్తం గీకి పొలాలకు తోలినప్పుడు ఆ విత్తనమే పోయింది.

పూడిక తీయడం తప్పని నేను అనను. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు లెక్కలోకి వచ్చాయి. ఆ పనితో చెరువులు లోతయ్యాయి, ఒండ్రుమట్టి పొలాలకు బలమైంది. అది చెడ్డ పనని మా ఊళ్లో ఎవరూ అనరు. అయితే పూడిక కట్ట దగ్గర, తూము దగ్గర లోతుగా పేరుకుంటుంది. నీళ్లు ఎక్కి దిగే పై అంచులో ఉండేది పలచటి పొర. అక్కడ గీకడం వల్ల చెరువులో పట్టే నీళ్లు పెద్దగా పెరగవు, పోయేది మాత్రం చాలా ఉంది.

ఇప్పుడు వరద సంగతి. వాగు వచ్చి నీళ్లు శిఖంలోకి ఎక్కగానే ఎండుగడ్డి, పిడకలు, ఆకులు, వేసవిలో మొలిచిన తుంగ అన్నీ మునుగుతాయి. అవి మురగడం మొదలవుతుంది. ముందు సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటితో పాటు నాచు. వాటిని తిని రోటిఫర్లు పెరుగుతాయి. ఎండకాగిన నీళ్లలో రోటిఫర్ పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే గుడ్డు పెట్టగలదు, మగది లేకుండానే. అందుకే కొత్త నీళ్లలో మొదటి వారం వాటిదే. ఆ వెనకే మొయినాలు, డాఫ్నియాలు. కోపీపోడ్లకు పిల్ల దశలు చాలా ఉంటాయి కాబట్టి వాటి గుంపు తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మా నాన్నకు ఈ పేర్లేవీ తెలియవు. ఆయన లెక్క వేరు: "నీళ్లొచ్చినంక గడ్డి మురగాలె, నీళ్లు చిక్కబడాలె. అప్పుడు పిల్లను ఇడవాలె." నేను మైక్రోస్కోపు కింద చూసిన వరస, ఆయన నోటి నుంచి వచ్చిన వరస ఒకటే.

ఈ మాట మన ఒక్క ఊరిది కాదు. అమెజాన్ నది మధ్య భాగంలో నీళ్లు ఏటా సుమారు 10 మీటర్లు ఎక్కి దిగుతాయి. అడవులు, పచ్చికలు నెలల తరబడి మునిగి ఉంటాయి. అక్కడ ఏండ్లకేండ్లు పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ యుంక్, ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి 1989లో ఒక సిద్ధాంతం చెప్పాడు. నదిలో చేపల బలం నడి ప్రవాహం నుంచి రాదని, ఏటా మునిగి తేలే ఒడ్డు నేల నుంచి వస్తుందని దాని సారం. వరద రావడం, పోవడం రెండూ కావాలని కూడా చెప్పాడు. మన కాలువలకు, కుంటలకు అమెజాన్‌తో పోలికేంటి అనొచ్చు. కానీ ఎక్కడం, దిగడం అనే పని ఇక్కడా అదే. శ్రీశైలం వెనక నీళ్లు చూడండి. నిండినప్పుడు 885 అడుగులు. వేసవికి నీళ్లు వెనక్కి పోయి కొల్లాపూర్ వైపు, సోమశిల దగ్గర మైళ్లకొద్దీ నేల తేలుతుంది, దాని మీద గడ్డి మొలుస్తుంది. మళ్లీ కృష్ణమ్మ వచ్చి ముంచుతుంది. జూరాల ఎగువన, వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట కూడా ఇలాంటి అంచులున్నాయి. నది చేసే పనిని మన చెరువులు చిన్నగా, వేల చోట్ల చేస్తాయి.

గడ్డి గురించి ఇంకొంచెం దగ్గరగా చెప్పనివ్వండి, ఎందుకంటే అందరూ దాన్ని చెత్త అనుకునేది ఇక్కడే. నడి చెరువులో ఒక బకెట్ నీళ్లు, జమ్ము మొదట్లో ఒక బకెట్ నీళ్లు తీసి వడబోసి చూడండి. రెండూ ఒకే చెరువు నీళ్లలా ఉండవు. నడి నీళ్లలో ఎప్పుడూ ఈదుతూ ఉండేవి దొరుకుతాయి: బ్రాకియోనస్ అనే రోటిఫర్, డయాప్టమస్. గడ్డిలో మాత్రం పాకేవి, అతుక్కునేవి, ఆకుల మీది పాచిని గోకి తినేవి ఉంటాయి. సైమోసెఫాలస్ అనే జీవి ఉంది, డాఫ్నియాకు చుట్టం. అది మెడ వెనక భాగంతో ఆకుకు అతుక్కొని, వెల్లకిలా వేలాడుతూ కాళ్లతో నీళ్లను తన వైపు లాక్కుని తింటుంది. మొదటిసారి దాన్ని నాచు కొమ్మ మీద చూసినప్పుడు ఉయ్యాలలో పసిబిడ్డలా అనిపించింది. గాజు గిన్నెను వేలితో తడితే ఒక్క ఉదుటున వదిలేసి పోయి, కాసేపటికి మళ్లీ అదే కొమ్మకు వచ్చి అతుక్కుంది.

ఆకులు సన్నగా చీలిన నీటి మొక్కల్లో ఇవి మరీ ఎక్కువ, దాక్కోవడానికి సందులు ఎక్కువ కాబట్టి. పగలు చేపలకు కనపడకుండా డాఫ్నియాలు గడ్డిలోకి వస్తాయి, చీకటి పడ్డాక నడి నీళ్లలోకి మేతకు పోతాయి. గడ్డి లేకపోతే చేపలు రెండు రోజుల్లో అన్నిటినీ తినేస్తాయి, మళ్లీ పెరగడానికి తల్లులు మిగలవు. గడ్డి ఉంటే కొన్ని మిగులుతాయి, వాటి పిల్లలు మళ్లీ బయటికి వస్తూ ఉంటాయి. అంటే గడ్డి ఆ తిండిని దాచిపెట్టి, రోజూ కొంచెం కొంచెంగా చేపకు వడ్డిస్తుంది.

మత్తడి దుంకిన రోజు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నీళ్లు జోరుగా పోయేటప్పుడు నడి చెరువులోని ప్లవకాలు నీళ్లతో పాటు కిందికి కొట్టుకుపోతాయి. త్వరగా పెరిగే రోటిఫర్లు తట్టుకుంటాయి. నిదానంగా పెరిగే పెద్దవి తట్టుకోలేవు. గడ్డి మధ్యలో మాత్రం నీళ్లు నెమ్మదిస్తాయి, అక్కడున్నవి నిలబడతాయి. వరద తగ్గాక చెరువంతా మళ్లీ నిండేది ఆ మిగిలినవాటి నుంచే. కొట్టుకుపోయినవి కూడా వృథా కావు, కింది చెరువుకు విత్తనమవుతాయి. కాకతీయుల కాలం నుంచి వస్తున్న గొలుసుకట్టు నీళ్లనే కాదు, ఈ జీవాలను కూడా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరుస్తోంది.

బ్రెజిల్ శాస్త్రవేత్తలు తమ నదుల పక్కన ఉన్న మడుగుల మీద చేసిన పనుల్ని కలిపి 2007లో ఒక మాట చెప్పారు. వరద వచ్చినప్పుడు అన్ని మడుగుల్లో జీవజాలం ఒకదానికొకటి దగ్గరవుతుంది, నీళ్లు తగ్గాక ఏ మడుగుకు ఆ మడుగు వేరవుతుంది. నీళ్లు కలిసినప్పుడు విత్తనం పంచుకుంటాయి, విడిపోయాక ప్రతి గుంటా తన గడ్డిని, తన మట్టిని, తన చేపలను బట్టి తన గుంపును పెంచుకుంటుంది. మన చెరువు కింద తేలే కుంటలు, మడుగులు కూడా పనికిరాని బురద గుంటలు కావు. వచ్చే ఏటి విత్తనం అక్కడే తయారవుతుంది. వాటిని మట్టితో పూడ్చి ప్లాట్లు చేస్తే నష్టం ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు నీటి మట్టం) గీత దగ్గర ఆగదు.

"నీళ్లలో పురుగులుంటే రోగాలు రావా?" అని మా ఊళ్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. నారికురుపు చూసిన తరం వాళ్లది. దిగుడు బావుల్లో సైక్లాప్స్ ఉన్న నీళ్లు తాగి, ఏడాది తర్వాత కాలులోంచి మూరల కొద్దీ పురుగు బయటికొస్తుంటే పుల్లకు చుట్టి రోజుకింత లాగిన రోజులు వాళ్లకు గుర్తున్నాయి. కానీ ఆ రోగం మన దేశంలో 1996లో చివరిసారి కనిపించింది, 2000లో భారతదేశానికి నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సైక్లాప్స్ ఆ పురుగును మోసింది గానీ పుట్టించలేదు. అదే జాతికి దగ్గరి మీసోసైక్లాప్స్ దోమ పిల్లలను పొడిచి తింటుంది. వియత్నాంలో డెంగీ దోమను తగ్గించడానికి దాన్ని నీళ్ల తొట్లలో కావాలని పెంచారు. దోమల టెన్షన్ ఉన్న చోట, అంటే ఇండ్ల పక్కన, ఘాట్ దగ్గర, బతుకమ్మలు వేసే చోట, బట్టలు ఉతికే చోట గడ్డి తీసేయండి. దానికి నాకు ఏ అభ్యంతరం లేదు.

గుర్రపు డెక్క విషయంలో కూడా నేను మొండిగా మాట్లాడటం లేదు. అది చెరువంతా పరుచుకుంటే కింద వెలుతురు ఉండదు, ప్రాణవాయువు తగ్గుతుంది, ప్లవకాలూ తగ్గుతాయి. తీయాల్సిందే. అయితే మనుషులతో, మిషన్‌తో కొంత కొంతగా తీసి ఒడ్డుకు వేయండి. మందు కొట్టకండి. మందు కొడితే మొత్తం ఒకేసారి చచ్చి నీళ్లలోనే కుళ్లుతుంది. ఆ కుళ్లు నీళ్లలోని ప్రాణవాయువునంతా పీల్చేస్తుంది. మా మడుగులో మందు కొట్టిన వారానికి మిగిలిన జెల్లలు, పరకలు పొద్దున్నే నోరు పైకి పెట్టి గాలి మింగుతూ కనిపించాయి.

మూసీ కింద ఉన్న చెరువుల వాళ్లకు ఇంకో మాట. నగరం మురుగు కలిసిన నీళ్లలో కూడా ప్లవకాలు దండిగా ఉంటాయి, గ్లాసులో పోస్తే చిక్కగా కనిపిస్తాయి. కానీ వాటిలో మురుగును తట్టుకునే కొన్ని బ్రాకియోనస్ జాతులదే రాజ్యం, మిగతా రకాలు తగ్గిపోతాయి. కాబట్టి చిక్కదనం ఒక్కటే చూసి చెరువు బాగుందని రాయకండి, అందులో ఎన్ని రకాలున్నాయో కూడా చూడండి.

ఇక నేను అడిగేవి.

మొదటిది, సమయం. ఉచిత చేపపిల్లల పథకం 2016లో మొదలైంది. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఎప్పుడూ నీళ్లుండే పెద్ద చెరువులకు, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు ఇస్తున్నారు. పథకం మా ఇండ్లకు మంచిదే. కానీ లారీ వచ్చే రోజును చెరువులో నీళ్లను బట్టి కాకుండా నీళ్లలో తిండిని బట్టి పెట్టండి. నర్సరీ చెరువుల్లో మీరే పాటించే పరీక్ష ఉంది కదా. 50 లీటర్ల నీళ్లు ప్లాంక్టన్ వలలో (ప్లవకాలు పట్టే సన్నటి వలలో) వడబోసి, గొట్టంలో పోసి, చిటికెడు ఉప్పు వేసి నిలబెడితే ప్లవకాలు అడుగుకు దిగుతాయి. ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు ఉంటే పిల్లలను వదలొచ్చు. ఈ పరీక్ష ఊరి చెరువులో ఎందుకు చేయకూడదు? వలకు, గొట్టానికి పెద్ద ఖర్చు లేదు. అరగంట పని. సంఘంలో చదువుకున్న పిల్లలకు ఒక్కసారి నేర్పితే చాలు, వాళ్లే చేసి మీకు ఫోన్లో చెబుతారు.

రెండోది, పనుల అంచనాలు రాసేటప్పుడు పై అంచులో మూడో వంతునైనా ముట్టుకోకుండా వదలండి. రాళ్లు పేర్చేది కట్ట వైపు పేర్చండి, వాగు వచ్చి కలిసే వైపు వద్దు. కొత్త నీళ్లు వచ్చినప్పుడు చేపలు ఎదురెక్కేది ఆ వైపే, కొర్రమీను గడ్డి పక్కకు తోసి గూడు కట్టేది కూడా అక్కడే. మన రాష్ట్ర చేప అని కొర్రమీనుకు పేరిచ్చాం. దాని పిల్లలు ఎర్రగా కుప్పగా నీటి మీదికి వచ్చి తిరుగుతుంటే, తల్లీతండ్రీ కింద కాపలా కాస్తాయి. ఆ కుప్ప మొత్తం మొదట తినేది ఆ గడ్డిలోని ప్లవకాలనే.

సంఘాల పెద్దలకు నా మనవి వేరు. మనలో కొంతమంది వల తిరగడానికి అడ్డమని జమ్మును కాల్చేస్తున్నారు. వల తిరిగే దారి వరకు కోసుకుందాం, మిగతాది ఉంచుదాం. నీళ్లొచ్చిన మొదటి పదిహేను రోజులు సన్నకన్ను వల వేయకుండా ఊరంతా ఒక మాట మీద ఉండాలి. ఇది ఏ శాఖా మన కోసం చేయలేదు, మనమే చేసుకోవాలి. పాత రోజుల్లో నీరటికి (చెరువు నీళ్లు పంచే మనిషికి) తెలియకుండా తూము ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండేది కాదని నాన్న చెబుతాడు. ఆ కట్టుబాటు వల విషయంలో ఎందుకు ఉండకూడదో సంఘం మీటింగ్‌లో నేను అడిగాను, మళ్లీ అడుగుతాను.

ఈ ఏడు మా చెరువు పై అంచున, జేసీబీ పోని ఒక మూలన, జమ్ము మళ్లీ మొలిచింది. నడుం లోతు కూడా లేదక్కడ. పోయిన వారం నేను, నా విద్యార్థులు ఐదుగురు ఆ మూల నుంచి 50 లీటర్లు, రాళ్లు పేర్చిన వైపు నుంచి 50 లీటర్లు వడబోశాం. రెండు గొట్టాలు పక్కపక్కన నిలబెట్టాం. జమ్ము వైపు గొట్టంలో అడుగున గోధుమ రంగు పొర కళ్లకు స్పష్టంగా కనిపించింది. రాళ్ల వైపు గొట్టంలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

మా చెరువుకు ఈసారి లారీ బయలుదేరే ముందు రోజు మీలో ఎవరైనా ఒకరు కట్ట మీదికి రండి. పొద్దున్నే వస్తే మంచిది, ఎండెక్కితే అవి లోతుకు పోతాయి. వల, గొట్టం, ఉప్పు మేం తెస్తాం. గొట్టం మీరే పట్టుకొని చూసి, పిల్లలను ఎప్పుడు వదలాలో, ఏ వైపు వదలాలో అక్కడే నిలబడి చెప్పండి.

ఇట్లు,
చేపలు పట్టే ఇంటి బిడ్డ, జువాలజీ లెక్చరర్,
నల్లగొండ జిల్లా